సీసా మీద ఉన్నది ఊరి పేరు, వైద్యుడి సంతకం కాదు



విదేశాల్లో స్థిరపడిన పిల్లలు సెలవులకు హైదరాబాదు వచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఒక తెల్ల వైన్ సీసా కొని తేవడం ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలో కూడా కనిపిస్తున్న విషయం. మన దేశంలోకి వచ్చే వయోజన ప్రయాణికుడు సుంకం లేకుండా 2 లీటర్ల వరకు మద్యం తెచ్చుకోవచ్చు. ఆ సీసా మీద ‘షాబ్లీ’ అన్న పేరుంటుంది. ఇది ఫ్రాన్సులోని ఒక చలిప్రాంతంలో పండిన షార్డొనే ద్రాక్షతో చేసిందనీ, విస్కీ, బ్రాందీల వంటిది కాదనీ, గుండెకు మేలు చేస్తుందనీ పిల్లలు ప్రేమగా చెబుతారు. మధుమేహానికీ రక్తపోటుకూ మాత్రలు వేసుకుంటున్న తండ్రి దాన్ని పుచ్చుకోవచ్చునా, కూడదా అన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

పిల్లలు చెప్పిన మాటల్లో రెండు వేరు వేరు సంగతులున్నాయి. ఆ పానీయానికి ఒక ప్రత్యేకమైన నేల, ఒక ప్రత్యేకమైన వాతావరణం రుచినిచ్చాయన్నది మొదటిది. అది నిజం. అందువల్ల అది ఆరోగ్యకరమన్నది రెండవది. అది నిజం కాదు. మొదటి మాటలోని సత్యం రెండవ మాటకు అరువు గౌరవాన్ని తెచ్చిపెడుతున్నది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇది సీమ వైన్‌కు మాత్రమే సంబంధించినది కాదు. మూసీకి దక్షిణాన మన పాతబస్తీలో కల్లు విషయంలోనూ ఇదే తర్కం నడుస్తున్నది. అందువల్ల కాస్త ఓపికతో చదవమని కోరుతున్నాను.

షార్డొనే అంటే ఏమిటి?

షార్డొనే ఒక ద్రాక్ష రకం పేరు. ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో ఇదే పేరు గల గ్రామం ఒకటి ఉంది. ఈ ద్రాక్ష పుట్టుపూర్వోత్తరాలు 1999లో డీఎన్ఏ పరీక్షల ద్వారా తేలాయి. కులీనంగా పేరుపడిన ‘పీనో నువార్’ అనే నల్లద్రాక్షకూ, రైతులు నాసిరకమని చిన్నచూపు చూసిన ‘గువే బ్లాన్’ అనే తెల్లద్రాక్షకూ సహజంగా ఏర్పడిన సంకరమే షార్డొనే. ప్రపంచంలోని ఖరీదైన తెల్ల వైన్లలో ఎన్నింటికో మూలమైన ద్రాక్షకు ఒక వైపు పూర్వీకులు ఇంత సామాన్యులు కావడం వృక్షశాస్త్రం మనకు నేర్పే వినయం.

తెల్ల వైన్ తయారీలో ద్రాక్షను కోసిన వెంటనే పిండి, తొక్కలను తీసివేసి, రసాన్ని మాత్రమే పులియబెడతారు. ఎర్ర వైన్‌లో తొక్కలు రసంతో కలిసి చాలా రోజులు నానుతాయి. ఈ తేడాను గుర్తుంచుకోండి. గుండె సంగతి వచ్చినప్పుడు దీని అవసరం కలుగుతుంది.

చలి చేసే పని

షాబ్లీ అనే చిన్న పట్టణం పారిస్‌కు ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, సెరెన్ అనే చిన్న నది ఒడ్డున ఉంది. మన హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరంగా 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే, షాబ్లీ దాదాపు 48 డిగ్రీల మీద ఉంది. అక్కడి కొండవాలుల్లో సున్నపురాయి, బంకమన్ను కలిసిన నేల ఉంటుంది. దాదాపు 15 కోట్ల సంవత్సరాల కిందట అది సముద్రగర్భం. ఆనాటి చిన్న చిన్న ఆల్చిప్పల శిలాజాలు నేటికీ ఆ మట్టిలో కనిపిస్తాయి.

ద్రాక్ష పండేటప్పుడు కాయలో రెండు మార్పులు ఒకేసారి జరుగుతాయి. చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. పులుపుకు కారణమైన ఆమ్లాల్లో మాలిక్ ఆమ్లం ముఖ్యమైనది. పచ్చి ఆపిల్ కొరికినప్పుడు నాలుకకు తగిలే పులుపు అదే. ఎండ తీవ్రంగా ఉన్నచోట ద్రాక్షకాయ తన శ్వాసక్రియలో ఈ ఆమ్లాన్ని వేగంగా ఖర్చు చేసుకుంటుంది. రాత్రులు చల్లగా ఉన్నచోట అది కాయలోనే నిలుస్తుంది. అందువల్ల చలిప్రాంతపు షార్డొనేలో పచ్చి ఆపిల్, నిమ్మతొక్క, తడిసిన రాయి గుర్తుకు వచ్చే వాసనలుంటాయి. అదే ద్రాక్ష ఉష్ణప్రాంతంలో పండితే అనాస, మామిడి, పండిన అరటి వంటి పరిమళాలు వస్తాయి. రసజ్ఞులు వర్ణించే వెన్న వాసన ద్రాక్షది కాదు. మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు పుట్టే డైఅసిటైల్ అనే పదార్థానిది. మజ్జిగను, వెన్నను ఎరిగిన మన ముక్కుకు అది కొత్త వాసన కాదు. వనిల్లా వాసన ఓక్ కర్ర పీపాల నుంచి వస్తుంది. షాబ్లీలో చాలామంది ఉత్పత్తిదారులు కొత్త పీపాలు వాడకుండా ఉక్కు తొట్లలోనే పులియబెడతారు గనుక ఆ వైన్‌లో పులుపే ముందుకు వచ్చి నిలుస్తుంది.

ఈ చలికి రైతు చెల్లించే మూల్యం కూడా తక్కువ కాదు. వసంతంలో లేత చిగుళ్లు వేసిన తరువాత ఒక్క రాత్రి మంచు గడ్డకడితే ఏడాది పంట పోతుంది. అందుకని రైతులు తెల్లవారుజామున తోటల్లో కుంపట్ల వంటివి వెలిగిస్తారు. లేదా తీగల మీద నీళ్లు చిమ్ముతారు. నీరు గడ్డకట్టేటప్పుడు విడుదలయ్యే ఉష్ణం చిగురును సున్నా డిగ్రీల దగ్గర నిలబెట్టి కాపాడుతుంది. 2021 ఏప్రిల్‌లో ఇంత చేసినా ఫ్రాన్సు తోటలు తీవ్రంగా నష్టపోయాయి. మన రైతు వడగండ్లకు భయపడినట్లే వారు మంచుకు భయపడతారు.

మన దక్కను ద్రాక్ష

హైదరాబాదుకు ద్రాక్షతో ఉన్న అనుబంధాన్ని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ‘అనాబ్-ఎ-షాహీ’ అంటే రాచద్రాక్ష. ‘ఇనబ్’ అంటే అరబ్బీలో ద్రాక్ష. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ దీన్ని హైదరాబాదుకు తెచ్చి నాటారని ఉద్యానశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. కోలగా, పెద్దగా, తేనెరంగులో ఉండి, లోపల గింజలుండే ఆ పండు నా తరం వారికి బాగా తెలుసు. నగరం చుట్టూ ఉన్న తోటలు ఒకప్పుడు దిగుబడికి పేరుపొందాయి. ఆ తోటల్లో చాలా భాగం ఇప్పుడు ఇళ్ల స్థలాలైపోయాయి. గింజలేని థామ్సన్ రకం బజారును ఆక్రమించింది.

మన వాతావరణంలో ద్రాక్షతీగ చలికాలంలో నిద్రపోదు. కత్తిరింపే దానికి ఋతువు. ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరొకసారి కత్తిరిస్తారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పండ్లు కోస్తారు. షాబ్లీలో సెప్టెంబరులో కోత. అక్కడి తీగకు చలే శత్రువు, చలే గురువు. ఇక్కడి తీగకు ఎండే సర్వస్వం. ఒకే జాతి మొక్క రెండు నేలల్లో ఇంత భిన్నంగా ప్రవర్తించడం చూసినప్పుడు, ‘నేల రుచి’ అన్న మాట వ్యాపారులు కల్పించినది కాదని ఒప్పుకోక తప్పదు.

రుచి చూడటం వేరు, తాగడం వేరు

వైన్ రుచి చూసే పద్ధతిలో ఒక శరీరధర్మ సూత్రం ఇమిడి ఉంది. నాలుక తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు పులుసుల్లోని ‘ఉమామి’ వంటి కొన్ని మూల రుచులను మాత్రమే గుర్తిస్తుంది. మిగిలిన వైవిధ్యమంతా వాసనదే. నోట్లోని ఆవిరి గొంతు వెనుక నుంచి ముక్కులోకి చేరినప్పుడు మెదడు ఆ వాసనను ‘రుచి’గా లెక్కిస్తుంది. జలుబు చేసినప్పుడు బిర్యానీ కూడా చప్పగా ఉండటానికి కారణం ఇదే. కోవిడ్ కాలంలో వాసన కోల్పోయినవారు అన్నం రుచి తెలియడం లేదని బాధపడటం మనం ఎరిగినదే.

అందుకని వృత్తిరీత్యా రుచి చూసేవారు గ్లాసులో కొద్దిగా పోసి, రంగు చూసి, గ్లాసును తిప్పి వాసన పీల్చి, ఒక గుక్క నోట్లో పోసుకొని, నాలుక అంతటా ఆడించి, తరువాత పాత్రలోకి ఉమ్మివేస్తారు. ఒక పూటలో పదులకొద్దీ వైన్లను పరీక్షించవలసిన మనిషి మింగుతూ పోతే పదో గ్లాసు దగ్గర తీర్పు చెప్పగల స్థితిలో ఉండడు. ఈ విషయం మన దేశంలో వైన్ గురించి మాట్లాడేవారు అరుదుగా చెబుతారు. రసజ్ఞతకు మింగడం అవసరం లేదు. షార్డొనే గురించి తెలుసుకోవాలన్న కుతూహలం ఉన్న పెద్దవారికి దీనికన్నా మంచి వార్త లేదు. ఉమ్మివేసినా కొద్దిపాటి మద్యం నోటి పొరల ద్వారా లోపలికి చేరుతుంది. కాని అది గ్లాసు మింగినదానితో పోల్చదగినది కాదు.

మన ఇంద్రియాలను పేరు ఎంతగా మోసగిస్తుందో తెలిపే ప్రయోగం ఒకటి 2001లో ప్రచురితమైంది. బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి ఒక తెల్ల వైన్ ఇచ్చారు. అదే వైన్‌కు వాసన లేని ఎర్రరంగు కలిపి మరో గ్లాసులో ఇచ్చారు. రంగు కలిపిన గ్లాసును వారు ఎర్ర వైన్‌ను వర్ణించే మాటలతోనే వర్ణించారు. శిక్షణ పొందిన ముక్కును రంగు ఇంతగా నడిపించగలిగితే, ‘గుండెకు మంచిది’ అన్న పేరు శిక్షణ లేని మన మనసును ఎంత నడిపిస్తుందో ఊహించుకోండి.

లెక్క చూద్దాం

ఇక వైద్యుడిగా నాకు తెలిసిన లెక్కకు వస్తాను. పానీయం పేరు ఏదైనా, కాలేయానికి చేరేది ఒకే పదార్థం. అది ఈథైల్ ఆల్కహాల్. ద్రాక్షలోని చక్కెరను ఈస్ట్ తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఉంటే 1 శాతం ఆల్కహాల్ వస్తుంది. చలిప్రాంతపు ద్రాక్షలో చక్కెర తక్కువ గనుక ఆ వైన్‌లో ఆల్కహాల్ కూడా కొంత తక్కువ. షాబ్లీలో సాధారణంగా 12, 12.5 శాతం ఉంటే, ఉష్ణప్రాంతపు షార్డొనేలో 14 శాతం దాకా ఉండవచ్చు. చలి వల్ల శరీరానికి కలిగే ప్రయోజనం ఏదైనా ఉందంటే ఈ ఒకటి రెండు శాతాల తేడాయే.

12.5 శాతం ఉన్న 150 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 15 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మన దేశంలో అమ్మే 42.8 శాతం విస్కీ 30 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాములు, 60 మిల్లీలీటర్లలో 20 గ్రాములు ఉంటాయి. 5 శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 25 గ్రాములుంటాయి. అంటే ఒక గ్లాసు షాబ్లీ చిన్న పెగ్గుకు ఒకటిన్నర రెట్లు. సీసా మొత్తంలో 74 గ్రాములున్నాయి. భోజనం వేళ భార్యాభర్తలు ఒక సీసా పూర్తిచేస్తే ఒక్కొక్కరు మూడున్నర చిన్న పెగ్గులకు పైగా పుచ్చుకున్నట్లే. కాలేయం గంటకు సుమారు 7 గ్రాములను మాత్రమే శుద్ధి చేయగలదు. ఒక గ్లాసుకు రెండు గంటలు పడుతుంది. చల్లని నీళ్ల స్నానం, కాఫీ, నిమ్మరసం ఈ వేగాన్ని పెంచలేవు.

మన భాష కూడా ఈ లెక్కను దాచిపెడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో మద్యం దుకాణం బోర్డు మీద ‘వైన్స్’ అని రాసి ఉంటుంది. లోపల ఎక్కువగా అమ్ముడయ్యేది విస్కీ, బ్రాందీ, బీరు. జనం మాటలో మద్యం ‘మందు’. వైద్యుడు రాసేదీ ‘మందు’. ఒక మెత్తని పేరు, ఒక గౌరవనీయమైన పేరు రెండూ మద్యానికే దక్కాయి. ఇటువంటి భాషలో పెరిగిన మనకు ‘వైన్ మందులాంటిది’ అన్న మాట నమ్మశక్యంగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

కొందరు ద్రాక్షారిష్టాన్ని ఉదాహరణగా చూపుతారు. ఆయుర్వేదంలో ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టినవే. వాటిలో సాధారణంగా 5 నుంచి 10 శాతం వరకు ఆల్కహాల్ ఉంటుంది. కాని వాటి మోతాదు 30 మిల్లీలీటర్లకు మించదు. నీళ్లు కలిపి, ఒక నిర్దిష్ట ప్రయోజనానికి, నిర్దిష్ట కాలం పాటు వైద్యుడు ఇస్తాడు. ఆ 30 మిల్లీలీటర్లలో ఉండే ఆల్కహాల్ రెండున్నర గ్రాములు దాటదు. వైన్ గ్లాసులో దానికి ఆరు రెట్లుంది. మోతాదును మరచి పోలిక తీసుకురావడం ఏ వైద్యపద్ధతికీ న్యాయం కాదు.

గుండె కథ ఎలా పుట్టింది?

ఫ్రెంచివారు వెన్న, మాంసం బాగా తిన్నా వారిలో గుండెపోట్లు తక్కువగా ఉండటానికి వైన్ కారణం కావచ్చునన్న వాదం 1991లో ఒక అమెరికన్ టెలివిజన్ కార్యక్రమం ద్వారా ప్రసిద్ధమైంది. 1992లో సెర్జ్ రెనో తన వ్యాసాన్ని లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. తరువాత ‘రెస్వెరట్రాల్’ అనే పదార్థం మీద అందరి దృష్టి పడింది. అది ద్రాక్ష తొక్కలో ఉంటుంది. తొక్కలు తీసివేసి చేసే షార్డొనేలో అది నామమాత్రం. ఎర్ర వైన్‌లో సైతం లీటరుకు కొన్ని మిల్లీగ్రాములే. ఒకవేళ ఆ వాదం సరైనదే అనుకున్నా, తెల్ల వైన్ దానిలో భాగం పంచుకోలేదు.

ఆ వాదంలోనే పెద్ద లోపముంది. తక్కువగా తాగేవారు అసలు తాగనివారికన్నా ఆరోగ్యంగా ఉన్నట్లు పాత అధ్యయనాల్లో కనిపించేది. తాగనివారి జాబితాలో జబ్బు చేసినందువల్ల తాగడం మానేసినవారు కూడా ఉన్నారని బ్రిటన్‌కు చెందిన షేపర్ బృందం 1988లోనే ఎత్తిచూపింది. రోజూ భోజనంతో ఒక గ్లాసు వైన్ పుచ్చుకునేవారికి తరచుగా మంచి ఆదాయం, మంచి ఆహారం, వ్యాయామం, క్రమం తప్పని వైద్యపరీక్షలు కూడా ఉంటాయి. ఆ మేలంతా గ్లాసు ఖాతాలో జమ అయింది. జన్యువుల ఆధారంగా చైనాలో జరిపి 2019లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో, పక్షవాతం విషయంలో మితమైన మద్యానికి ఏ రక్షణగుణమూ కనిపించలేదు. మద్యం పెరిగేకొద్దీ రక్తపోటూ, పక్షవాతం ముప్పూ పెరిగాయి.

మద్యపానీయాలు క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దప్రేగు, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్లకు దీనితో సంబంధముంది. శరీరంలో ఆల్కహాల్ ముందుగా ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. అది కణంలోని డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఆ ఆల్కహాల్ ఏ సీసా నుంచి వచ్చిందన్న దానితో దానికి పనిలేదు. ఆరోగ్యానికి ఏ హానీ లేనిదని చెప్పదగిన మద్యపు పరిమాణం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. గుట్కా, జర్దా అలవాటు ఉన్నవారు మన పాతబస్తీలో చాలామంది. పొగాకు, మద్యం కలిసినప్పుడు నోటి క్యాన్సర్ ముప్పు రెండింటినీ కూడినదానికన్నా ఎక్కువగా పెరుగుతుంది.

ఊరి పేరు దేనికి పూచీ?

షాబ్లీ అన్న పేరుకు ఫ్రాన్సులో 1938 నుంచి చట్టరక్షణ ఉంది. ఆ హద్దుల్లో పండిన షార్డొనేతో చేసినదానికే ఆ పేరు పెట్టాలి. పెటీ షాబ్లీ, షాబ్లీ, ప్రెమియే క్రూ, గ్రాండ్ క్రూ అని నాలుగు అంతస్తులున్నాయి. ఈ ఏర్పాటు మనకు కొత్తది కాదు. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో, బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు హలీమ్ ఎలా వండాలో, మామిడి ఎక్కడ పండాలో చెబుతుంది. అంతమాత్రాన హలీమ్‌లోని నెయ్యి గుండెజబ్బు ఉన్నవారికి పథ్యమవుతుందా? బంగినపల్లి తిన్న మధుమేహరోగికి చక్కెర పెరగకుండా ఉంటుందా? హలీమ్ విషయంలో మనకు ఇంత తేలికగా అర్థమయ్యే సంగతి, ఫ్రెంచి పేరు చూడగానే ఎందుకు మరుగున పడుతున్నది? పరాయి వస్తువు పట్ల మనకున్న భక్తే కారణమని నా అభిప్రాయం.

ఇదే తర్కం పేదవాడి గ్లాసులో మరింత ప్రమాదకరమైన రూపం దాలుస్తుంది. ప్రభుత్వాసుపత్రి ఔట్‌పేషెంట్ విభాగంలో పనిచేసిన ఏ వైద్యుడైనా ‘మందు ముట్టను సారూ, కల్లు మాత్రమే’ అన్న సమాధానం లెక్కలేనన్నిసార్లు విని ఉంటాడు. చెట్టు నుంచి దిగినది కనుక చలువ చేస్తుందని, రాళ్లు కరిగిస్తుందని నమ్మకం. బోనాల్లో అమ్మవారికి సాక పోసే పానీయం పట్ల సంప్రదాయ గౌరవం కూడా ఉంది. ఆ గౌరవాన్ని నేను కాదనను. చెట్టు మీద నుంచి అప్పుడే దింపిన నీరాలో మద్యం దాదాపు ఉండదు. గాలిలోని, కుండలోని ఈస్ట్ వల్ల అది గంటల్లోనే పులిసి కల్లవుతుంది. సుమారు 5 శాతం ఆల్కహాల్ ఉన్న కల్లు పెద్ద సీసా ఒకటి తాగితే, ఆల్కహాల్ లెక్కన విస్కీ రెండున్నర చిన్న పెగ్గులతో సమానం.

నగరంలో చెట్లు తగ్గినా కల్లు తగ్గలేదంటే ఆ లోటును ఏదో పూరిస్తున్నదని అర్థం. క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, అల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలిపిన కల్తీకల్లు తెలంగాణ వైద్యులకు చిరపరిచితమైన సమస్య. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు జరిగి సరఫరా ఆగిపోయినప్పుడు, దానికి అలవాటుపడినవారు ఫిట్లతో, పిచ్చిచూపులతో, చేతుల వణుకుతో ఆసుపత్రులకు వచ్చారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం వారితో నిండింది. ‘చెట్టుది’ అన్న నమ్మకం కింద వారు తాగుతున్నది నిద్రమాత్రలు.

షాబ్లీకీ, కల్తీకల్లుకూ ఉన్న తేడాను నేను దాచను. షాబ్లీ పేరు వెనుక చట్టముంది, తనిఖీ ఉంది, సీసా మీద ఆల్కహాల్ శాతం అచ్చువేసి ఉంటుంది. ఊరి పేరు చేయగల నిజమైన ఉపకారం అదే. లోపల ఉన్నదేమిటో మోసం లేకుండా చెబుతుంది. మన పేదవాడికి ఆ మాత్రం రక్షణ కూడా లేదు. అతనికి ముందుగా కావలసింది ఉపన్యాసం కాదు, కల్తీ లేదని పూచీపడే తనిఖీ వ్యవస్థ. కాని, కల్తీ లేనంత మాత్రాన ఆల్కహాల్ ఆల్కహాల్ కాకుండా పోదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పవలసిన బాధ్యత వైద్యులది.

‘సంతోషానికి విలువ లేదా?’

వైన్ ప్రియులు నన్ను అడగదగిన ప్రశ్న ఇది. జీవితంలో అన్నింటినీ గ్రాముల్లో తూచవచ్చునా, పిల్లలతో కూర్చుని ఒక మంచి వస్తువును రుచి చూసిన ఆనందం ఆరోగ్యం కాదా అంటారు. ఆనందానికి విలువ ఉంది. తనకు తానుగా, ముప్పు తెలిసి, ఎప్పుడో ఒకసారి ఒక చిన్న గ్లాసు పుచ్చుకునే ఆరోగ్యవంతుడైన వయోజనుడితో నాకు తగాదా లేదు. అతని మతం, అతని ఇల్లు, అతని మనసు అంగీకరిస్తే అది అతని నిర్ణయం. ఆ ఆనందానికి ‘చికిత్స’ అని పేరు పెట్టడంతోనే నాకు పేచీ. ఆనందం కోసం తాగేవాడు ఎప్పుడో ఒకప్పుడు తాగుతాడు. గుండె కోసం తాగేవాడు రోజూ తాగుతాడు, తాగని భార్యకూ అలవాటు చేస్తాడు, మాత్ర మరచినా గ్లాసు మరువడు. అబద్ధపు కారణం అలవాటును గట్టిపరుస్తుంది.

ఎవరు దూరంగా ఉండాలి?

కింద చెప్పినవారు షాబ్లీ అయినా, కల్లు అయినా, బీరు అయినా ముట్టకపోవడమే క్షేమం.

గర్భిణులు, గర్భం కోరుకుంటున్నవారు. శిశువు మెదడుకు సురక్షితమైన మోతాదు లేదు.

కాలేయ వ్యాధి ఉన్నవారు. స్కానింగులో ‘ఫ్యాటీ లివర్’ అని వచ్చినవారు కూడా ఇందులో భాగమే. దక్షిణాసియా వారికి తక్కువ బరువులోనే మధుమేహం, కాలేయంలో కొవ్వు వస్తాయి.

ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడే మధుమేహరోగులు. ఆల్కహాల్ కాలేయం నుంచి చక్కెర విడుదలను అడ్డుకుంటుంది. ఖాళీ కడుపున పుచ్చుకుంటే అర్ధరాత్రి చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చూసేవారు దాన్ని మత్తు అనుకుని వదిలేస్తారు.

క్షయ వ్యాధికి మందులు వాడుతున్నవారు. ఆ మందులు, మద్యం కలిసి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. పాతబస్తీలో క్షయ ఇంకా మనల్ని విడిచిపోలేదు గనుక దీన్ని నొక్కి చెబుతున్నాను.

నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు, ఫిట్స్ మందులు, రక్తం పలుచబరచే వార్ఫరిన్ వాడేవారు. గుండెలయ తప్పినవారు. కడుపులో పుండు, ఛాతీమంట ఉన్నవారు.

వైన్‌లో నిలవకోసం వాడే సల్ఫైట్లు కొందరు ఉబ్బసరోగులకు పడవు. చలిప్రాంతపు వైన్ పులుపు ఎక్కువ. దాని పీహెచ్ విలువ 3కు కాస్త ఎగువన ఉంటుంది. అది పంటి పింగాణీని మెత్తబరుస్తుంది. పుచ్చుకున్న వెంటనే పళ్లు తోమకుండా నీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట ఆగాలి.

రోజూ ఎక్కువగా తాగే అలవాటు ఉన్నవారు ఈ వ్యాసం చదివి ఒక్కసారిగా మానకూడదు. ఫిట్లు రావచ్చు, మతి చలించవచ్చు. వైద్యుడి పర్యవేక్షణలో మానాలి. కల్తీకల్లుకు అలవాటైనవారికి ఇది మరీ ముఖ్యం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు నా సమాధానం చెబుతాను. ఇంతవరకు తాగనివారు ఆరోగ్యం పేరుతో మొదలుపెట్టవలసిన అవసరం ఎంతమాత్రమూ లేదు. మధుమేహం, రక్తపోటు మాత్రలు వాడుతున్న పెద్దవారికి ఆ సీసా పథ్యం కాదు. పిల్లలు తెచ్చిన దాని రుచి తెలుసుకోవాలనిపిస్తే, వృత్తి రసజ్ఞుల వలె వాసన చూడండి, ఒక చెంచాడు నోట్లో ఆడించి ఉమ్మివేయండి. పైన చెప్పిన జబ్బులున్నవారికి వాసనే చాలు. షాబ్లీ కొండవాలుల చలి ఏమిటో ఆ పచ్చి ఆపిల్ పరిమళంలో తెలుస్తుంది. పిల్లలు నొచ్చుకోరు. వారికి కావలసింది మీరు దీర్ఘకాలం ఆరోగ్యంగా ఉండటమే.

చివరగా ఒక మనవి. ఈసారి వైద్యుడు ‘తాగుతారా?’ అని అడిగినప్పుడు ‘వైన్ మాత్రమే’, ‘కల్లు మాత్రమే’ అని చెప్పకండి. ఏ పానీయం, ఎన్ని మిల్లీలీటర్లు, వారానికి ఎన్ని రోజులు, ఎన్ని సంవత్సరాలుగా అన్నది చెప్పండి. మత్తు మందు ఇచ్చే ముందు, శస్త్రచికిత్సకు ముందు, కొత్త మాత్ర రాసే ముందు మాకు కావలసినది ఆ లెక్క. పక్కన బంధువులున్నందుకు మొగమాటపడితే, వారిని బయటికి పంపమని అడగండి. ఏ మంచి వైద్యుడూ కాదనడు.